విశాఖ డాబాగార్డెన్స్ సందులో ఎలక్ట్రానిక్స్ కొట్టు: అన్న ఉంటే 5 స్టార్లు, తమ్ముడుంటే 2

కొట్టు పేరు రాయడం లేదు. దాన్ని నడిపే అన్నదమ్ముల్లో తమ్ముడి గురించి నాలుగు మాటలు గట్టిగా అనబోతున్నాను, మళ్లీ వారం ఆ మొహాన్నే చూడాలి, అందుకు. అదీకాక రాద్దామన్నా అక్కడ పేరు లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ ఎగరేసుకుపోయిన బోర్డుని ఇప్పటికీ పెట్టించలేదు. పైన ఇనప ఫ్రేము ఒక్కటే తుప్పు పట్టి వేలాడుతూ ఉంటుంది. మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు బాగుచేసే కొట్ల వరసలో ఆరడుగుల వెడల్పున్న కొట్టు. గాజు కౌంటరు, దాని వెనక గోడంతా చిన్న చిన్న ప్లాస్టిక్ సొరుగులు. ఒక్కో సొరుగు మీదా స్కెచ్ పెన్నుతో రాసిన అంకెలు సగం చెరిగిపోయి ఉంటాయి. ఏ సొరుగులో ఏముందో అన్నకి తెలుసు. తమ్ముడు మూడు సొరుగులు లాగి చూసి, నాలుగోదానిలో దొరికింది చేతిలో పెడతాడు.

నా గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ అర్థం కాదు. ఇంటర్ కాలేజీలో 22 ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఓమ్ సూత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ పోయిన మే సెలవుల దాకా సాల్డరింగ్ ఐరన్ చేత్తో పట్టుకోలేదు. మాది అక్కయ్యపాలెంలో 15 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. పొద్దున్న 5 గంటలకు వాచ్‌మన్ తాత మోటారు వేస్తాడు, టీ తాగడానికి వెళ్తాడు, మేడ మీద ట్యాంకు నిండి నీళ్లు మా వంటింటి కిటికీ పక్క నుంచి జలపాతంలా దిగుతాయి. మంచి నీళ్ల ట్యాంకరు తెప్పించుకునే ఎండాకాలంలో ఆ చప్పుడు వింటుంటే కడుపు మండిపోయేది. ట్యాంకులో ఎంత నీరుందో ఫోన్లో కనిపించేలా ఒకటి తయారు చేద్దామనుకున్నాను. వారం రోజుల పని అనుకున్నాను. తొమ్మిది నెలలైంది.

మొదటిసారి వెళ్లినప్పుడు కౌంటర్లో తమ్ముడున్నాడు. ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న బుల్లి కంప్యూటరు లాంటిది) 480 రూపాయలు, శబ్దంతో దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ 110, సాల్డరింగ్ లేకుండా వైర్లు గుచ్చుకునే బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, యూఎస్‌బీ కేబుల్ 60. ఆన్‌లైన్‌లో ఇవన్నీ పాతిక శాతం తక్కువకే వస్తాయి, నాకు తెలుసు. నాలుగు రోజులు ఆగే ఓపిక లేక కొన్నాను. "అన్నీ ఒరిజినల్ మేడమ్" అన్నాడు. నేనేమీ అడగలేదు, తనే అన్నాడు. అడక్కుండా ఎవరైనా ఒరిజినల్ అన్నారంటే అప్పుడే అనుమానపడాలి.

ఇంటికొచ్చి బోర్డుని లాప్‌టాప్‌కి తగిలిస్తే ఎర్ర లైటు వెలిగింది. కానీ కంప్యూటరుకి ఆ బోర్డు కనబడదే! డ్రైవరు వేశాను, తీశాను, మళ్లీ వేశాను. మూడు రోజులు. మా అబ్బాయి బెంగళూరు నుంచి వీడియో కాల్లో నాలుగు రకాల సలహాలిచ్చాడు. చివరికి బోర్డు పోయిందని తేల్చుకుని, మార్చమని అడగడానికి వెళ్లాను. ఆ రోజు అన్న ఉన్నాడు. సన్నటి మనిషి, దారంతో మెడలో వేలాడే కళ్లద్దాలు. బోర్డు వైపు చూడనే లేదు. "వైరేదీ?" అన్నాడు. ఇచ్చాను. మధ్యలో రెండు వేళ్లతో నలిపి చూసి, పక్కన పెట్టేసి, వేరే కేబుల్ తగిలించి, తన పాత లాప్‌టాప్‌లో చూపించాడు. బోర్డు లక్షణంగా ఉంది. "ఇది చార్జింగ్ వైరు మేడమ్. లోపల రెండే తీగలు. డేటా ఎలగ పోద్ది?" యూఎస్‌బీ కేబుల్లో నాలుగు తీగలుండాలి: రెండు కరెంటుకి, రెండు సమాచారానికి. చవక కేబుళ్లలో ఆ రెండో జత ఉండదు. కొత్త కేబుల్‌కి డబ్బులు తీసుకోలేదు. తమ్ముడి వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకి కూడా ఒక స్టారు ఇవ్వొచ్చు.

ఆ రోజు నుంచి గమనిస్తూ వచ్చాను. అన్న ఏ వస్తువూ పరీక్షించకుండా ఇవ్వడు. గాజు కింద ఒక బ్రెడ్‌బోర్డు ఎప్పుడూ కరెంటుతో సిద్ధంగా ఉంటుంది. సెన్సరైతే దానికి గుచ్చి, అరచేయి అడ్డం పెట్టి, అంకె మారిందా లేదా చూసి, వెనక మార్కరుతో చిన్న టిక్కు కొట్టి ఇస్తాడు. ఆ తర్వాత ఒక ప్రశ్న అడుగుతాడు: "దేనికి?" మనం చెప్పేదాకా కవరులో వెయ్యడు. మొదట్లో నాకు విసుగొచ్చేది. ఉల్లిపాయలు కొంటుంటే కూరేమిటని అడిగినట్టుండేది.

జూన్‌లో పని నడిచింది. సెన్సరు 40 కిలోహెర్ట్జ్ శబ్దం పంపుతుంది, అది నీటి మీద తగిలి తిరిగి వస్తుంది, వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం. పాఠం చెప్పినంత సులువు. ఎక్కడి నుంచో తెచ్చుకున్న ప్రోగ్రాములో ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లని ఉంది. అది 20 డిగ్రీల దగ్గర లెక్క. విశాఖలో మేడ మీద ట్యాంకులో 20 డిగ్రీలెక్కడివి? 350 వేశాను, టేపుతో కొలిస్తే మూడు సెంటీమీటర్ల తేడా పోయింది. ఆ ఒక్క సాయంత్రం నాకు చాలా గర్వంగా గడిచింది. పై ఫ్లాటు వాళ్ల వైఫై పాస్‌వర్డు అడిగి తీసుకున్నాను. (వాళ్లు రెండుసార్లు మార్చారు, రెండుసార్లూ స్వీటు బాక్సుతో వెళ్లాను.)

పది రోజులకి అంకె ఆగిపోయింది. ఎప్పుడు చూసినా ఒకే సంఖ్య. బోర్డు పట్టుకుని మళ్లీ డాబాగార్డెన్స్.

"ఏటి మేడమ్, కాలిపోనాదా? ఎకోకి ఏటి కట్టారు?"

ఎకో అంటే సెన్సరు జవాబు పంపే పిన్ను. ఏమీ కట్టలేదు. నేరుగా వైరు పెట్టాను. ఆ సెన్సరు 5 వోల్టులతో నడుస్తుంది, జవాబు కూడా 5 వోల్టులతోనే ఇస్తుంది. ఈఎస్‌పీ32 పిన్ను 3.3 వోల్టులది. మధ్యలో రెండు రెసిస్టర్లతో వోల్టేజి తగ్గించాలి. పొటెన్షియల్ డివైడర్ అంటారు. ఆ లెక్కని నేను ఏటా నాలుగు సెక్షన్లకి బోర్డు మీద వేస్తాను. మార్చిలో పరీక్ష పేపరు దిద్దేటప్పుడు తప్పు చేసినవాళ్లకి ఎర్ర సిరాతో సున్నా కూడా పెడతాను. అక్కడ నిలబడి అన్న ముందు ఆ మాట చెప్పలేక, కళ్లద్దాలు తుడుచుకున్నాను.

ఒక కిలో ఓమ్, రెండు కిలో ఓమ్ రెసిస్టర్లు కావాలన్నాను, లెక్క వేసి మరీ. అన్న ఒక సొరుగు లాగి గోధుమ, నలుపు, ఎరుపు గీతలున్నవి మూడు తీశాడు. మూడూ ఒక కిలో ఓమ్‌వే. రెండు కాదా అన్నాను. "రెండు కె నా దగ్గర లేదు, 2.2 ఉన్నాది. ఇవి రెండు వరసగా కట్టీండి, రెండు అయిపోద్ది" అన్నాడు. సిరీస్‌లో రెసిస్టర్లు కలుస్తాయన్నది మూడో పీరియడ్‌లో చెప్పే పాఠం. మూడు రెసిస్టర్లకి మూడు రూపాయలు. 5 వోల్టులు లోపలికి, 3.33 బయటికి. మల్టీమీటరులో ఆ అంకె కనిపించగానే, ఇన్నేళ్ల నల్లబల్ల లెక్క నా చేతి కింద వెచ్చగా కదిలినట్టనిపించింది. పాడైన పిన్ను వదిలేసి పక్క పిన్నుకి మార్చాను. అదృష్టం బాగుండి బోర్డు మొత్తం పోలేదు.

తర్వాత వచ్చింది వానాకాలం. సముద్రానికి ఇంత దగ్గరున్న ఊళ్లో మేడ మీద ఏ ఇనుమైనా ఏమవుతుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ట్యాంకు మూత కింద ఎప్పుడూ ఆవిరే. ఆగస్టు చివరికి సెన్సరు జాలీల మీద తెల్లటి పొడి, పిన్నుల మొదట్లో పచ్చటి చిలుము. అంకెలు ఒకసారి 12, ఒకసారి 380. ట్యాంకు లోతే 150 సెంటీమీటర్లు!

కొత్త సెన్సరు కొని, ఈసారి తెలివిగా, దాని వెనకంతా సిలికాన్ పట్టించాను. బాత్రూం పలకల సందుల్లో పూసే ట్యూబు ఇంట్లో ఉంది. మూడు వారాలకి మళ్లీ చచ్చింది. లోపలికి నీళ్లు పోలేదు, సిలికాన్ గట్టిగానే ఉంది. పీకి చూస్తే దాని కిందే రాగి గీతలు పచ్చగా మారిపోయాయి. అన్న దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"పూసినప్పుడు పులుపు వాసనొచ్చిందేటి?"

వచ్చింది. అచ్చం వెనిగర్ వాసన. "అదే తినీసింది" అన్నాడు. చప్పున వెలిగింది నాకు: ఆ రకం సిలికాన్ గట్టిపడేటప్పుడు అసిటిక్ ఆసిడ్ వదులుతుంది. దాన్ని తీసుకెళ్లి రాగి మీద నేనే పూశాను. ఎలక్ట్రానిక్స్‌కి న్యూట్రల్ క్యూర్ అనే రకం వేరే ఉంటుంది, వాసన దాదాపు ఉండదు. ఆ ట్యూబు ఆయన దగ్గర లేదు. "హార్డ్‌వేర్ షాపులో అడగండి, ట్యూబు మీద న్యూట్రల్ అని చదివి కొనండి" అని ఒక పాత బిల్లు వెనక రాసిచ్చాడు. తన దగ్గర లేని సరుకు ఇంకో కొట్లో దొరుకుతుందని చెప్పే వ్యాపారి ఈ ఊళ్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలీదు, ఒకాయన మాత్రం ఉన్నాడు.

ఇంక తమ్ముడి సంగతి. సెప్టెంబరులో వాటర్‌ప్రూఫ్ సెన్సరు కోసం వెళ్తే అతనే ఉన్నాడు. జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ, 320 రూపాయలు. కారు వెనక బంపరుకి పెట్టేలాంటి గుండ్రటి బొడిపె, దానికి పొడవాటి వైరు. "నీళ్లలో పడేసినా ఏం కాదు మేడమ్" అన్నాడు. నీళ్లలో పడేస్తే ఏం కాలేదు, నిజమే. చెప్పనిది ఏమిటంటే, దానికి 20 సెంటీమీటర్లకన్నా దగ్గరగా ఉన్నది సరిగా కనబడదు. మా ట్యాంకు నిండితే నీటికీ మూతకీ మధ్య 15 సెంటీమీటర్లే ఉంటుంది. అంటే ట్యాంకు ఖాళీగా ఉన్నంతసేపూ చక్కగా చెబుతుంది, సరిగ్గా పొంగబోయే ముందు పిచ్చి అంకెలు చూపిస్తుంది. వెధవ సెన్సరు మా వాచ్‌మన్ తాత లాగే, అసలు సమయానికి టీకి వెళ్లిపోతుంది! దాన్ని పైకెత్తడానికి నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క మూత మీద నిలబెట్టాను. శబ్దం పైపు గోడలకి తగిలి తిరిగొచ్చి ఇంకో గోల.

మార్చమంటే తమ్ముడు ఒప్పుకోలేదు. సాల్డర్ చేసిన వస్తువు తిరిగి తీసుకోరు. అది న్యాయమే, ఎక్కడైనా అంతే. కానీ కొనేటప్పుడు దేనికని ఒక్క మాట అడిగుంటే ఆ 320 మిగిలేవి. అన్న ఉండుంటే అడిగేవాడు.

అన్న ఇచ్చిన మందు మాత్రం నాకు మొదట అవమానంగా తోచింది. 140 రూపాయల ఫ్లోట్ స్విచ్. తెల్లటి ప్లాస్టిక్ కడ్డీ, దాని మీద పైకీ కిందకీ జారే చిన్న బుడ్డి. బుడ్డిలో అయస్కాంతం, కడ్డీలో గాజు గొట్టంలో రెండు సన్నటి రేకులు. నీరు పైకొస్తే బుడ్డి తేలి, అయస్కాంతం ఆ రేకుల్ని కలుపుతుంది. ప్రోగ్రాము లేదు, ధ్వని వేగం లేదు, ఏమీ లేదు. "నిండింది చెప్పడానికి ఇది, ఎంతున్నాదో చెప్పడానికి మీది" అన్నాడు. నా ఆరు నెలల కష్టాన్ని "మీది" అనే ఒక్క మాటలో పక్కన పెట్టాడు. రెండూ పెట్టాను. అక్టోబరు నుంచి ట్యాంకు నిండగానే ఫోన్ మోగడం మొదలైంది.

మోగితే ఎవరు ఆపాలి? నేను క్లాసులో ఉంటాను, తాత టీ దగ్గర ఉంటాడు. మోటారు దానంతటదే ఆగిపోవాలనుకున్నాను. బోర్డు చెప్పినప్పుడు కరెంటుని కలిపి, తెంచే స్విచ్ లాంటి నీలం రంగు చిన్న రిలే మాడ్యూలు అడిగితే అన్న ఇవ్వలేదు. "మోటారుకైతే ఇవ్వను." దాని మీద 10 ఆంపియర్లని రాసుంది కదా, మాది ఒక హార్స్‌పవర్ మోటారే కదా అని వాదించాను. లెక్కల్లో నాకు నేనే టీచరుని మరి. "అది బల్బుకి 10. మోటారు లేచేటప్పుడు చూడండి" అన్నాడంతే. ఇంకో మాట మాట్లాడలేదు.

ఇప్పుడు రాసేది నా తప్పు. వారం తర్వాత సందు మొదట్లో నిలబడి, కౌంటర్లో తమ్ముడున్నాడని చూసుకుని మరీ వెళ్లి, అదే రిలే 90 రూపాయలకి కొన్నాను. స్కూలు పిల్లలా. అదే నవంబరులో బిగించాను. మూడు రోజులు బ్రహ్మాండం. నాలుగో రోజు పొద్దున్న 5:40కి, ఫోన్లో "మోటారు ఆఫ్" అని పచ్చగా కనబడుతుంటే, కిటికీ పక్క నుంచి జలపాతం. "అమ్మగోరూ, ఆగట్లేదండీ" అని తాత కిందనుంచి అరుపు. మెయిన్ దించేదాకా ఆగలేదు.

రిలేని అన్న దగ్గరికే తీసుకెళ్లాను, ఎక్కడ కొన్నానో చెప్పకుండా. ఆయన అడగలేదు. కటింగ్ ప్లయరుతో నీలం డబ్బా పగలగొట్టి, లోపల చూపించాడు. ఆవగింజంత రెండు లోహపు బొట్లు, వాటి చుట్టూ నల్లటి మసి. రెండూ ఒకటై అతుక్కుపోయాయి. స్క్రూడ్రైవరుతో విడదీస్తే టిక్కుమంది. నడిచేటప్పుడు ఆ మోటారు తీసుకునేది 5, 6 ఆంపియర్లే. లేచే క్షణంలో అయిదారు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకి వెల్డింగ్ అయిపోయింది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కాంటాక్టర్ (మోటార్లకి వాడే గట్టి రిలే) పెట్టించుకోమన్నాడు. నా చిన్న రిలే ఆ కాంటాక్టర్ కాయిల్‌ని నడిపితే చాలు, మోటారు బరువు కాంటాక్టర్ మోస్తుంది. 230 వోల్టుల వైపు నన్ను చెయ్యి పెట్టొద్దన్నాడు. పెట్టలేదు. ఎలక్ట్రీషియన్ కూలితో కలిపి 1,400 అయింది. అపార్ట్‌మెంటు సంఘం ఇంకా ఇవ్వలేదు, అది వేరే రివ్యూ.

మిగతా విషయాలు గబగబా. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మూసేస్తారు, ఆదివారం తియ్యరు. ఫోన్‌పే ఉంది. బిల్లు అడిగితేనే ఇస్తారు. చాలా సరుకు చైనా కాపీలే, అన్న ఆ మాట మొహమాటం లేకుండా చెబుతాడు. కెపాసిటర్లు కొంటే ఉబ్బి ఉన్నాయేమో చూసుకోండి, ఆ సొరుగులో కొన్ని నా సర్వీసంత పాతవి. సాల్డరింగ్ ఐరన్ అక్కడే కొన్నాను, 25 వాట్లది. దాని గురించి ఏ ఫిర్యాదూ లేదు, ముక్కు తడి స్పాంజితో తుడవమని ఆయన చెప్పింది మానేసినప్పుడల్లా జాయింట్లు బూడిద రంగులో గరుకుగా వస్తాయి.

నచ్చని పెద్ద విషయం ఒకటుంది. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే ఆ కొట్టు ముందు ఇంజనీరింగ్ పిల్లల బైకులు. గీత వెంట నడిచే రోబోలు, బ్లూటూత్ బళ్లు, అన్నీ చేసేసి, రిపోర్టుతో సహా, అట్టపెట్టెలో పెట్టి అమ్ముతారు. పోయిన వారం ఒక కుర్రాడు 3,500 ఇచ్చి పెట్టె తీసుకుని, లోపల ఏముందో తెరిచైనా చూడకుండా కిక్కు కొట్టి వెళ్లిపోయాడు. ఇదేమిటండీ అని అన్నని అడిగాను. "అద్దె మూడు రెసిస్టర్లతో రాదు మేడమ్" అన్నాడు. మూడు రెసిస్టర్లు కొన్నది నేనే కాబట్టి నోరు మూసుకున్నాను.

ఇంతకీ ట్యాంకు సంగతి. సంక్రాంతి దాకా ఒక్కసారి కూడా పొంగలేదు. తాత ఇప్పుడు మోటారు వేసి నిశ్చింతగా టీకి వెళ్తున్నాడు, నేను బాగుచేసింది ఆయన జీవితాన్నే. మొన్న బుధవారం మళ్లీ కిటికీ పక్కన చప్పుడు. పైకెక్కి మూత తీసి చూస్తే ఫ్లోట్ బుడ్డి కడ్డీకి సగంలో ఇరుక్కుని ఉంది, చుట్టూ పచ్చటి పాచి. గోటితో గీకితే కిందకి జారింది, వదిలితే మళ్లీ అక్కడే ఆగింది. కవరులో వేసి బ్యాగులో పెట్టుకున్నాను. శనివారం కాలేజీ అయ్యాక వెళ్తాను. సందు మొదట్లో కాసేపు ఆగి చూస్తాను, కౌంటర్లో దారం కట్టిన కళ్లద్దాలు కనబడితేనే లోపలికి.